చివరి పేజీ చదివి వినిపించిన రోజు

రాబోయే నవలను ఫోనులో ముందుగానే బుక్ చేసుకుని, విడుదల రోజు పొద్దున్నుంచీ గుమ్మం వైపు చూసే పిల్లలు మా అపార్టుమెంటులో ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మీరూ అలాంటివాళ్లే అయితే మీకొక సంగతి చెప్పాలి. మీ చేతికి రాకముందు ఆ పుస్తకం కొన్నాళ్లు మా చేతుల్లో ఉంటుంది. మేమంటే మేడ్చల్ దగ్గరి పెద్ద పెద్ద గోడౌన్లలో సరుకు దించేవాళ్లం, లెక్క చూసేవాళ్లం, ప్యాక్ చేసేవాళ్లం. మాలోనూ మీలాగే ఎదురుచూసేవాళ్లు ఉంటారని మీకు తెలిసే అవకాశం లేదు. మా కంపెనీకి మాత్రం తెలిసింది. తెలిశాక ఏం చేసిందో చెబుతాను.

పుస్తకాలు పంపిణీ చేసే ఒక సంస్థలో సరుకు దించుకునే విభాగానికి సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసు సిటీలో ఒక ఇరుకు సందులో ఉండేది. పాత యజమాని వ్యాపారం అమ్మేశాక కొత్తవాళ్లు మమ్మల్ని మేడ్చల్ హైవే పక్కన ఒక గోడౌనుకు మార్చారు. అల్వాల్‌లో ఇంటి నుంచి రైలెక్కి వెళ్లేవాణ్ని. వచ్చే సరుకులో ముప్పాతిక వంతు పరీక్షల గైడ్లు, పిల్లల వర్కుబుక్కులు. మధ్యలో ఎప్పుడో నవలల పెట్టె వచ్చేది. అది మాత్రం ఎవరికీ ఇవ్వకుండా నేనే విప్పేవాణ్ని. కొత్త కాగితం వాసన ముందుగా నాకే రావాలని నా స్వార్థం. వెనక నన్ను 'నవలల పిచ్చోడు' అనేవాళ్లని తెలుసు. ముందు కూడా అనేవాళ్లు.

ఆ రోజుల్లోనే ప్యాకింగులో ఒకామె చేరింది. శామీర్‌పేట అవతలి ఊరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. భర్త, మరిది కౌలు భూమిలో ఆకుకూరలు పండించేవాళ్లు. సర్కారు బడిలో తెలుగు మీడియంలో పది దాకా చదివింది. గోడౌనులో తనకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను ఆపా అనే, అంటే అక్కా అనే పిలిచేవాళ్లు. నేను చెల్లె అనేవాణ్ని.

చేరిన కొత్తలో ఒక రోజు ఆమె బల్ల దగ్గర పని ఆగిపోయింది. ఏమైందో అని వెళ్లాను. సగం అతికించిన అట్టపెట్టె ముందు, చేతిలో నవలతో నిలబడి ఉంది.

"ఏంది చెల్లె, పెట్టె ఎదురుచూస్తాంది" అన్నాను.

ఉలిక్కిపడింది. "మాఫ్ చెయ్యుండ్రి సార్. ఎనక అట్ట మీద రెండు ముక్కలు సదివిన. గామె ఇల్లెందుకు ఇడిసిపోయిందో రాయలే."

"అదే అట్ట మీద రాస్తే లోపలికి ఎవరొస్తరు?"

"నేనొస్త సార్" అంది, వెంటనే. "ఎందుకు పోయిందో తెలిసినా, ఎట్ల పోయిందో తెలియాలె గద."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నవలల గురించి అంత సరైన మాట నాతో ఎవరూ అనలేదు. అప్పటి నుంచి మేమిద్దరం ఒక జట్టు. రవాణాలో నలిగిన, అట్ట చిరిగిన పుస్తకాలు మా దగ్గర ఒక అరలో పడి ఉండేవి. వాటిని మధ్యాహ్నం భోజనం వేళ క్యాంటీనులో చదువుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. నిజానికి చదివేది మేమిద్దరమే. మిగతావాళ్లు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఇచ్చి రావాల్సి వచ్చినందుకు కంపెనీని తిట్టుకుంటూ తినేవాళ్లు.

ఒక నవల గురించి ఇక్కడ చెప్పాలి. మూడు భాగాల కథ. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో తప్పిపోయిన అక్క కోసం చెల్లెలు పెద్దదయ్యాక వెతుకుతుంది. రెండో భాగం చివర చిరునామా దొరుకుతుంది, వెళ్లి తలుపు కొడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అక్కడితో ఆగింది. ఆ గుమ్మంలో మమ్మల్ని నిలబెట్టి రచయిత ఏళ్ల తరబడి పలకలేదు. ఉగాదికి వస్తుందన్నారు. తర్వాత దసరాకన్నారు. తర్వాత ఏమీ అనడం మానేశారు.

మా ఇద్దరికీ అదే గొడవ. అక్క చూడగానే గుర్తుపడుతుందని నేను.

"పట్టదు సార్. పట్టినా పట్టనట్టే ఉంటది" అనేది ఆమె.

"ఎందుకట్ల? సొంత చెల్లెలు గద?"

"ఇన్నేండ్లు ఎవలూ రాలేదన్న కోపం ఉండదా? మీరు మొగోళ్లు, మీకు తెల్వది."

ఆ నవల వేసే ప్రచురణ సంస్థ నుంచి లారీ వచ్చిన ప్రతిసారీ హాలు అవతల నుంచి గడ్డం పైకెత్తి నా వైపు చూసేది. వచ్చిందా అని. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. మళ్లీ టేపు అతికించుకునేది. ఆ చూపు అందుకోవడం కోసమే నేను లారీ దగ్గరికి తొందరగా వెళ్లేవాణ్నేమో. ఎదురుచూడటంలో ఒక సుఖం ఉంది. పక్కన ఇంకొకరు ఎదురుచూస్తుంటే ఆ సుఖం రెట్టింపవుతుంది. ఇంట్లో మా ఆవిడకు ఈ మాట చెబితే, "ఆకలి కూడా అట్లనే ఉంటదా?" అంది.

ఒక రోజు తల నిలువుగా ఊపాను.

ఆమె బల్ల వదిలి రాలేదు. రావడానికి వీల్లేదు. చేతిలో టేపు పట్టుకుని నవ్వుతూ అలాగే నిలబడింది. పక్కనున్నామె, "ఏంది ఆపా, లాటరీ తగిలిందా?" అని అడగడం నేనున్న చోటికి వినిపించింది.

పెట్టెలకు ఎర్ర టేపు వేసి ఉంది. విడుదల తేదీ దాకా విప్పొద్దని ముద్ర. వాటిని ఇనుప జాలీ వేసిన గదిలో పెట్టి తాళం వేయాలి. అలా పెడుతుండగా ఫోర్క్‌లిఫ్ట్ ముల్లు ఒక పెట్టెలోకి దిగింది. కొన్ని కాపీల మూలలు చితికాయి. పద్ధతి ప్రకారం వాటిని పక్కన పెట్టి మేనేజరుకు ఫోన్ చేశాను.

మా మేనేజరు కోస్తా వైపు నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. మంచివాడే. ఎవరినీ కసరడు. కూతురి పుట్టినరోజుకు గోడౌను మొత్తానికి మిఠాయి పంచేవాడు. ఆయన మంచితనానికి ఒకటే షరతు. దానివల్ల ఆయనకు ఇబ్బంది రాకూడదు.

"నలిగిన కాపీలు ఉన్నాయి సార్. ప్యాకింగ్ ఆపా చదువుకుంటనంటాంది. విడుదల కాలేదు గద, ఇయ్యాల్నా వద్దా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మీ ఇద్దరికీ వేరే పనేం లేదండీ. చదువుకోమనండి. బయటికి మాత్రం తీసుకెళ్లొద్దనండి."

ఆమెకు ఒక కాపీ ఇచ్చాను. నేను తీసుకోలేదు. విడుదల రోజు దుకాణానికి వెళ్లి కొత్త కాపీ కొనుక్కుని, దారిలో ఎక్కడా తెరవకుండా ఇంటికి తెచ్చుకోవడం నాకు అలవాటు. ఇన్నేళ్లు ఆగినవాణ్ని ఇంకొన్నాళ్లు ఆగలేనా అనుకున్నాను.

ఆమె ఆ పుస్తకానికి పాత పేపరుతో అట్ట వేసింది. అన్నం తిని, చేతులు కడుక్కుని, చున్నీకి తుడుచుకుని అప్పుడు తెరిచేది. రెండు మూడు పేజీలు చదివి మూసేసేది. భోజనం సమయం ఇంకా మిగిలి ఉన్నా సరే.

"ఎందాక వచ్చినవ్ చెల్లె?" అని అడిగాను.

"తలుపు తీసిందెవలో తెలిసింది సార్."

"చెప్పకు!" అని చెవులు మూసుకున్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. గోడౌనులో ఆమె నవ్వడం నేను చూసిన రోజుల్లో అది చివరిది.

విడుదలకు ముందు ఆ నవల ఆఖరి పేజీ ఫొటో బయటికొచ్చింది. ఒక వాట్సాప్ గుంపులో మొదలై ఊరంతా పాకింది. కొనడానికి బుక్ చేసుకున్నవాళ్లు ప్రచురణకర్తను తిట్టారు. ప్రచురణకర్త మా హెడ్డాఫీసును తిట్టాడు. హెడ్డాఫీసు మా మేనేజరును తిట్టింది. అది ఇంకా కిందికి దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. పుస్తకాలు సీలు వేసి ఉన్నాయి. తెరిచిన కాపీ ఎక్కడుంది? గోడౌనులో. ఎవరి చేతిలో? క్యాంటీను కెమెరాలో చూస్తే కనిపించింది. పేపరు అట్ట వేసిన పుస్తకం ముందు తల వంచుకుని కూర్చున్న మనిషి.

విచారణకు హెడ్డాఫీసు నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. అందరినీ 'అండీ' అంటాడు. మేనేజరు గదిలో అతను, మేనేజరు, సాక్షిగా నేను, తలుపు దగ్గర సెక్యూరిటీ ఆమె. ఎదురుగా కుర్చీ అంచున మా ఆపా.

"ఈ ఫొటో మీరు తీశారా అండీ?"

"లేదు సార్. నా ఫోను గేటు కాడ డబ్బాల ఉంటది. గదిగో, గా మేడమే తీస్కుంటది రోజు."

సెక్యూరిటీ ఆమె తల ఊపింది. అధికారి అటు చూడలేదు.

"పుస్తకానికి అట్ట వేసి ఎందుకు దాచారు?"

"దాసలే సార్. కూర మరకలు అంటుతయని ఏసిన."

"విడుదల కాని పుస్తకం మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

అప్పుడు నేను మాట్లాడాను. నలిగిన కాపీ నేనే ఇచ్చానని, మేనేజరుగారిని అడిగే ఇచ్చానని చెప్పాను. ఆ ఫొటోలో అక్షరాలు చదవకుండా అంచులు మాత్రమే చూసినా పుస్తకం కింద గాజు బల్ల కనిపిస్తోందని, మా క్యాంటీనులో అన్నీ స్టీలు బల్లలేనని, వచ్చి చూసుకోమని కూడా చెప్పాను. అధికారి మేనేజరు వైపు తిరిగాడు.

మేనేజరు మంచినీళ్ల సీసా మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "నేను అలా చెప్పినట్టు గుర్తులేదండి. వీరు పెద్దవారు. ఏదో పొరపాటుగా విని ఉంటారు."

ఆమె ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. అందులో కోపం లేదు. 'వీళ్లతోని మీకెందుకు సార్' అన్నట్టుంది.

"సరే, చదివానంటున్నారు కదా. ఎంతవరకు చదివారు?"

"చెల్లెకు జెరమొచ్చి మంచాల పడ్డ కాడ దాంక."

అధికారి పుస్తకం తిప్పి చూశాడు. "ఇది మొదట్లోనే ఉందే! ఇన్ని రోజులూ చదివింది ఇంతేనా?"

"మెల్లగ సదువుతున్న సార్. జల్దీ సదివితే ఒడిసిపోతది."

"అంటే?"

"అయిపోతుందని" అన్నాను నేను. "ఎన్నేండ్ల నుంచో దాని కోసం చూసింది సార్. అయిపోతే మళ్లీ చూడటానికి ఏముంటది? అందుకే కొంచెం కొంచెం చదువుతాంది."

అధికారి చిన్నగా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. నమ్మని నవ్వు. అతని ఉద్యోగంలో అలాంటి జవాబు ఎప్పుడూ విని ఉండడు. అప్పుడతనికి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. "అయితే ఆఖరి పేజీ మీకు తెలియదన్నమాట. నేను చదువుతాను. మీరు వినండి. మీకు ముందే తెలుసో లేదో మీ ముఖమే చెబుతుంది."

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"వద్దు సార్! సదవకుండ్రి సార్!" అని లేచి నిలబడింది. "పనిల నుంచి తీసెయ్యుండ్రి. యాడ దస్కత్ పెట్టమంటె ఆడ పెడ్త. గది మాత్రం సదవకుండ్రి."

"కూర్చోండి. ఇది విచారణ."

"సార్, అది చదివితే మీకేం తెలుస్తది?" అని నేనూ లేచాను. మేనేజరు నా మోచేయి పట్టుకుని, "మీరెందుకండీ మధ్యలో" అన్నాడు.

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. "ఆ చేతులు తీయండమ్మా" అన్నాడు అధికారి, సెక్యూరిటీ ఆమెతో. ఆమె కదల్లేదు. అందుకు ఆమెకు ఈ రోజుకీ దండం పెడతాను. చెవులు మూసుకుంటే మాత్రం గదిలో గొంతు వినపడకుండా ఉంటుందా? అతను గట్టిగానే చదివాడు.

తెలుగు చదివే అలవాటు పోయినట్టుంది. ఒత్తులు మింగేస్తూ, వాక్యం మధ్యలో ఆగి మళ్లీ వెనక్కి వెళ్తూ, సరుకు లెక్క చదివినట్టు ఆ పేజీ మొత్తం చదివాడు. ఆ పేజీలో ఏముందో మీకు చెప్పను. ఆమెకు జరిగింది మీకు జరగకూడదు. ఒకటి మాత్రం చెబుతాను. అది చాలా మంచి ముగింపు. ఆ రచయిత అన్నేళ్లు ఎందుకు తీసుకున్నాడో ఆ గదిలో, ఆ గొంతులో కూడా తెలిసింది. ఆమె నా ఎదురుగానే ఏడ్చింది. చేతులు చెవుల మీద అలాగే ఉన్నాయి. నేను ఇల్లు చేరేదాకా ఆపుకున్నాను.

విచారణ నివేదికలో ఏం రాశారో తర్వాత తెలిసింది. ఆఖరి పేజీ వినిపించగానే ఆమె కంటతడి పెట్టిందని, దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగానే భావించవచ్చని రాశారు. ఒక నవల చివరి పేజీ విని మనిషి ఏడిస్తే దానికి ఇంకో కారణం ఉండొచ్చని పుస్తకాలు అమ్ముకుని బతికే ఆ కంపెనీలో ఒక్కరికీ తోచలేదు.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. గేటు దాకా వెంట వెళ్లాను. టిఫిను డబ్బా, ఫోను తీసుకుంది. శామీర్‌పేట వైపు వెళ్లే షేరాటో కోసం నిలబడ్డాం.

"పని పోతే పోయింది సార్. ఇంకోటి దొరుకుతది" అంది. "కితాబ్ సదివితే దొంగ అన్నరు. ఇంట్ల ఏమని జెప్పాలె?"

"జరిగింది జరిగినట్టు చెప్పు చెల్లె."

"ఎవలు నమ్ముతరు సార్? గా సారే నమ్మలే. గంత సదువుకున్నడు."

విడుదల రోజు గోడౌనులో కేకు కోశారు. ప్రచురణ సంస్థ నుంచి వచ్చినాయన మైకు పట్టుకుని, ఆ ఫొటో బయటికి రావడం ఒక రకంగా మంచిదే అయిందని, జనం ఇంకా ఎగబడి కొన్నారని నవ్వుతూ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లకే ఫొటో ఎక్కడిదో కూడా తేలింది. ప్రచారం కోసం ప్రచురణకర్తలే ముందుగా కాపీ పంపిన వాళ్లలో ఒకాయన, పుస్తకాల గురించి వీడియోలు చేసేవాడు, తన ఇంట్లో గాజు బల్ల మీద పెట్టి తీసిన ఫొటో అది. పొరపాటున పంపానని అతనే వీడియోలో చెప్పుకున్నాడు. చెవులు పట్టుకుని గుంజీలు తీసినట్టు నటించాడు. కింద నవ్వు బొమ్మలు కుప్పలుగా పడ్డాయి.

ఆ వీడియో తీసుకెళ్లి మేనేజరుకు చూపించాను. "ఆపాను వెనక్కి పిలవాలి సార్" అన్నాను.

మొత్తం చూశాడు. పాపం, ముఖం నిజంగానే పాలిపోయింది. "ఇప్పుడు పిలిస్తే మనం తప్పు చేశామని ఒప్పుకున్నట్టు కాదాండీ? పైవాళ్లు ఒప్పుకోరు. ఆవిడకీ ఈపాటికి ఎక్కడో దొరికే ఉంటుందిలెండి."

నేనే హెడ్డాఫీసుకు రాశాను. మేనేజరు ఫోనులో అన్న మాటతో సహా, జరిగింది మొత్తం రాశాను. జవాబు రాలేదు. నా బదిలీ వచ్చింది. అమ్ముడుపోక తిరిగి వచ్చే పుస్తకాలను కట్టలు కట్టే విభాగానికి. కొత్త నవలల పెట్టె నేను మళ్లీ విప్పలేదు. మిగిలిన సర్వీసు కాలమంతా అక్కడే గడిచింది. ఆ మేనేజరే నా రిటైర్మెంటుకు శాలువా కప్పి, నా నిజాయితీ గురించి చక్కగా మాట్లాడాడు.

పోయినేడు శామీర్‌పేట వైపు ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తుంటే, కరీంనగర్ రోడ్డు పక్కన గొడుగు కింద ఆకుకూరలు పెట్టుకుని ఆమె కనిపించింది. బస్సు దిగేశాను. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు ఇచ్చింది. ఎన్నాళ్ల నుంచో చెప్పాలనుకున్నది ముందు చెప్పేశాను.

"ఆ ఫొటో తీసింది నువ్వు కాదని తేలింది చెల్లె."

"నాకు ముందే ఎర్క గద సార్."

"కంపెనీవాళ్లకు కూడా తెలిసింది."

"మంచిగైంది" అంది, కొత్తిమీర కట్టలు సర్దుతూ. "మా గల్లీల ఎవలికన్న జెప్పిండ్రా? మా అత్తమ్మ ఇప్పటికీ పైసలు లోపల పెట్టి తాళం ఏస్తది."

ఇప్పుడేం చదువుతున్నావని అడిగాను.

"సదువుత లేను సార్. శానా సార్లు సదివి సూసిన. ఏ పుస్తకం పట్టుకున్నా గా సార్ సదివినట్టే ఇనబడుతది." కట్టల మీద నీళ్లు చల్లి తనే అంది, "నా బిడ్డ ఇంటర్ సదువుతాంది. మొన్న దోస్తు దగ్గర నవల తెచ్చుకున్నది, ఇంకేదో కథ, మూడో భాగం ఎప్పుడొస్తదో అని మస్తు ఎదురు సూసిందట. వాపస్ ఇచ్చి రాపో అన్న."

"ఎందుకు చెల్లె?"

"పరీక్షల పుస్తకాలు సాలు సార్. గవి సదివితే ఎవలూ దొంగ అనరు."

ఎవరో స్కూటరు ఆపి మెంతికూర ఉందా అని అడిగారు. ఆమె అటు తిరిగింది.